కవాటానికి పట్టిన చీడ

హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఊళ్లలో జ్వరం వస్తే పెద్ద దవాఖాన మొదట గుర్తుకు రాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వైద్యుడు ఉంటాడు. ఫోన్ చేస్తే బండి మీద ఇంటికే వస్తాడు, సూది వేస్తాడు, తగ్గకపోతే సెలైన్ ఎక్కిస్తాడు. మూడో రోజుకీ దిగకపోతే మండల కేంద్రంలో విడాల్ పరీక్ష చేయిస్తారు. అందులో ఏదో ఒక అంకె ఎక్కువగా కనబడుతుంది, టైఫాయిడ్ అన్న పేరు పడిపోతుంది. ఐదు రోజుల యాంటీబయాటిక్ సూదులతో జ్వరం దిగుతుంది. మనిషి మళ్లీ టమాట తోటలోకో గులాబీ మళ్లలోకో పోతాడు. పది పన్నెండు రోజులకు జ్వరం మళ్లీ తగులుకుంటుంది, మళ్లీ సూదులు. ఈలోగా ఒళ్లు తగ్గుతుంది, రాత్రిళ్లు చెమటలు పడతాయి, నాలుగు మెట్లెక్కితే దమ్ము వస్తుంది. ఎవరో ఒక డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, గుండె చప్పుడులో తేడా పట్టుకుని, ఎకో తీయించే సరికి నెలన్నర గడిచిపోతుంది. అప్పుడు కనిపిస్తుంది తెర మీద, కవాటం రేకుకు అంటుకుని గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగే చిన్న గుత్తి.

ఆ గుత్తి కనిపించాక పుట్టే ప్రశ్నల గురించే ఈ వ్యాసం. మందులతో పోతుందా, కోయాలా? కోయాలంటే ఎప్పుడు? పాడైన కవాటాన్ని తీసేస్తే దాని చోట ఏది పెట్టాలి? గుండె సర్జన్లు అరవై ఏళ్లుగా వీటి మీద వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదాలన్నీ చదివాక నాకు గట్టిగా అనిపించింది ఒకటుంది. ఏ వాల్వు పెట్టాలన్నది తేల్చడంలో క్రిమికి ఉన్న పాత్ర తక్కువ. ఆపరేషన్ అయ్యాక ఆ మనిషి ఎక్కడ ఉంటాడు, ఏం తింటాడు, జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోతాడు అన్నవాటి పాత్ర చాలా ఎక్కువ. అందుకే హైదరాబాద్‌లోని ఆపరేషన్ థియేటరును పక్కనపెట్టి చేవెళ్ల నుంచి మొదలుపెట్టాను.

కవాటం అంటే తలుపు. గుండెలో అలాంటివి నాలుగున్నాయి, నెత్తురు ఒకవైపే పోయేలా తెరుచుకుని మూసుకుంటాయి. మన దేశంలో ఈ తలుపులను ముందుగా చెడగొట్టేది చిన్నతనపు గొంతునొప్పి. ఒక రకం స్ట్రెప్టోకాకస్ క్రిమి గొంతుకు సోకితే, కొందరు పిల్లల్లో దాని వెనకాలే రుమాటిక్ జ్వరం వస్తుంది. కీళ్లనొప్పులు పోతాయి కానీ గుండెలో మచ్చ ఉండిపోతుంది. మైట్రల్, అయోర్టిక్ కవాటాల రేకులు మందపడి, ముడుచుకుని, గరుకెక్కుతాయి. ఆ గరుకు మీద ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ పలచగా పేరుకుంటాయి. చిగుళ్ల నుంచో చర్మపు పుండు నుంచో నెత్తుట్లోకి దిగిన క్రిమి అక్కడ చోటు చేసుకుంటుంది. రేకుల్లో రక్తనాళాలు దాదాపుగా ఉండవు కాబట్టి దానితో పోరాడాల్సిన తెల్లకణాలు లోపలిదాకా చేరవు. డాక్టర్లు వెజిటేషన్ అనే గుత్తి అలా పెరుగుతుంది. ఈ జబ్బు పేరు ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. మామూలు ఇన్‌ఫెక్షన్‌కు వారం రోజుల మందు చాలు. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు, అదీ పెద్ద మోతాదులో, నరం ద్వారా ఎక్కించాల్సి రావడానికి కారణం ఆ గుత్తి కట్టుకున్న కోటే.

1885లో విలియం ఆస్లర్ లండన్‌లో తన గుల్‌స్టోనియన్ ఉపన్యాసాలను ఈ జబ్బు మీదే ఇచ్చాడు. ఆ రోజుల్లో ఇది సోకినవాళ్లు దాదాపు అందరూ పోయేవాళ్లు. 1940లలో పెన్సిలిన్ వచ్చాకే బతకడం మొదలైంది. ధనిక దేశాల్లో ఇప్పుడిది పెద్దవయసు జబ్బు. 2016 నుంచి 2018 దాకా 40 దేశాల్లో 3,116 మంది రోగులను నమోదు చేసిన యూరో-ఎండో అధ్యయనంలో సగటు వయసు 60కి దగ్గరగా ఉంది. ఢిల్లీలో 1981 నుంచి 1991 దాకా చూసిన రోగుల సగటు వయసు 25 దరిదాపుల్లో. ఆ తర్వాత మన దగ్గర కూడా వయసు పెరుగుతూ వచ్చింది. అయినా వాల్వు గురించి ధనిక దేశాలు రాసుకున్న సూత్రాన్ని మనం తెచ్చుకునేటప్పుడు ఈ రెండంకెల మధ్య దూరాన్ని మరిచిపోకూడదు.

మళ్లీ ఊరి జ్వరం దగ్గరికి వస్తే, ముందే పడిన సూదుల వల్ల నష్టం ఎక్కడంటే, ఏ క్రిమి అన్నది తేలకుండా పోతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు నెత్తురు తీసి కల్చర్‌కు పంపాలి. ఐదు రోజులు సూదులు పడ్డాక తీస్తే క్రిమి సగం చచ్చి, సగం బతికి, చాలాసార్లు సీసాలో పెరగదు. కల్చర్ నెగటివ్ అని రిపోర్టు వస్తుంది. అప్పుడు డాక్టరు చీకట్లో బాణం వేసినట్టు రెండు మూడు మందులు కలిపి ఇవ్వాల్సి వస్తుంది, ఆ బరువు కిడ్నీల మీద పడుతుంది. విడాల్ పరీక్ష ఒక్కటే చూసి టైఫాయిడ్ అని తేల్చేసే అలవాటు ఎంత త్వరగా పోతే అంత మంచిది. ఆ పరీక్ష ఇంకెన్నో జ్వరాల్లోనూ అంకెలు పెంచి చూపిస్తుంది. ఇంకో సంగతీ ఉంది. పశువులు, మేకలతో మెలిగేవాళ్లకు, పచ్చిపాలు తాగేవాళ్లకు బ్రూసెల్లా, క్యూ ఫీవర్ లాంటి క్రిములు సోకొచ్చు. అవి మామూలు కల్చర్‌లో అంత సులభంగా దొరకవు, వేరే రక్తపరీక్షలు కావాలి. అలాంటి కవాటాలకు నెలల తరబడి వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి. అప్పుడు అక్కడి పరిశోధనకు పెద్దదిక్కు మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇక కోత సంగతి. చీము పట్టిన చోట కృత్రిమ వస్తువు పెట్టి కుట్టకూడదన్నది సర్జరీలో పాత నియమం. ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గాకే కవాటం జోలికి పోవాలని ఒకప్పుడు అందరూ నమ్మారు. 1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో ఆండ్రూ వాలేస్ బృందం ఆ నమ్మకాన్ని దాటింది. క్లెబ్సియెల్లా క్రిమి తినేసిన అయోర్టిక్ కవాటాన్ని, జబ్బు ఇంకా మండుతుండగానే, తీసేసి కృత్రిమ కవాటం పెట్టింది. రోగి బతికాడు. ఆ తర్వాత కోతకు కారణాలు మూడని మెల్లగా తేలింది. ఒకటి గుండె చేతులెత్తేయడం. రేకు చిరిగో చిల్లుపడో నెత్తురు వెనక్కి కారుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రెండోది మందుకు లొంగని ఇన్‌ఫెక్షన్. కవాటం చుట్టూ చీముగడ్డ కట్టడం, ఫంగస్ కావడం, మందు పడుతున్నా కల్చర్‌లో క్రిమి వస్తూనే ఉండటం. మూడోది గుత్తి ముక్క తెగి మెదడులోకో ప్లీహంలోకో కాలి నాళంలోకో పోయే ప్రమాదం. గుత్తి 10 మిల్లీమీటర్లు దాటితే ఆ భయం పెరుగుతుంది.

మూడో కారణం మీదే ఎక్కువ వాదం నడిచింది. 2012లో దక్షిణ కొరియా డాక్టర్లు ఈజ్ అనే ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పెద్ద గుత్తి, బాగా పాడైన కవాటం ఉన్న 76 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి 48 గంటల్లోపే ఆపరేషన్, రెండోదానికి మామూలు పద్ధతి. ఆసుపత్రిలో మరణం గానీ, ఆరు వారాల్లోపు ముక్క తెగి ఎక్కడైనా అడ్డుపడటం గానీ మొదటి వర్గంలో 3 శాతం మందికి, రెండో వర్గంలో 23 శాతం మందికి జరిగింది. ఇది చిన్న ప్రయోగం. తేడా అంతా ముక్కలు తెగకుండా ఆగడంలోనే కనిపించింది, మరణాల్లో కనిపించలేదు. అక్కడి రోగులకు మిగతా జబ్బులూ తక్కువే. ఇవన్నీ ఒప్పుకుంటూనే, ఆ ఫలితం మనకు చాలా పనికొస్తుందంటాను. మన రోగి కూడా వయసులో ఉన్నవాడు. ఒక్క పక్షవాతంతో ఇంటి సేద్యమంతా ఆగిపోయే మనిషి. 2023 నాటి యూరప్ మార్గదర్శకాలు గడువులు కూడా చెప్పాయి. గుండె ఒక్కసారిగా కుప్పకూలుతుంటే 24 గంటల్లో, అంత అత్యవసరం కాకపోతే మూడు నుంచి ఐదు రోజుల్లో, నిలకడగా ఉన్నా ఆపరేషన్ కావాలని తేలితే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపకముందే.

అయినా మన దగ్గర కుటుంబాలు ఆపరేషన్‌కు వెంటనే ఒప్పుకోవు. అందులో ప్రేమ ఉంది, భయమూ ఉంది. జ్వరం మీద ఎలా కోస్తారు సార్, కొంచెం తగ్గనీయండి అంటారు. ఈ మాట విని విని కొందరు డాక్టర్లు కూడా తేదీ జరుపుతారు. మనిషి పడుకోలేక కూర్చుని ఊపిరి పీలుస్తున్నప్పుడు తగ్గడానికి ఎదురుచూసే ప్రతి రోజూ గుండె కండరాన్ని తినేస్తుంది. ఇలాంటప్పుడు జ్వరాన్ని తగ్గించేది ఆపరేషనే. ఆగాల్సిన సందర్భమూ ఒకటుంది, మెదడులో నెత్తురు కారి ఉంటే. గుండె ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పెద్ద మోతాదులో ఇస్తారు కాబట్టి ఆ గాయం పెద్దదవుతుంది. గుండె తట్టుకోగలిగితే కనీసం నెల రోజులు ఆగడం మంచిది. నెత్తురు కారకుండా నాళం పూడుకుపోవడం వల్ల వచ్చిన స్ట్రోక్ అయితే, రోగి కోమాలో లేకపోతే, ఆలస్యం అక్కర్లేదు. అందుకే ఆపరేషన్‌కు ముందు మెదడు స్కాన్ తీయకుండా ఏ సర్జనూ ముందుకు పోకూడదు.

ఆపరేషన్ బల్ల మీద జరిగేది కవాటం మార్చడం ఒక్కటే అనుకుంటాం. పెట్టే పని కంటే తీసే పనే పెద్దది. ఛాతీ ఎముక కోసి, రక్తాన్ని హార్ట్-లంగ్ మెషీన్‌కు మళ్లించి, గుండెను ఆపి, క్రిమి తాకిన కణజాలాన్ని అంచు దాకా తీసేస్తారు. మొదలు కుళ్లిన చెట్టును కొమ్మలు నరికి వదిలేస్తే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. మోమాటపడి మిగిలిస్తే ఆ మిగిలినదే మళ్లీ పెరుగుతుంది. చీముగడ్డ ఉన్నచోట గొయ్యి పడుతుంది. దాన్ని రోగి గుండె చుట్టూ ఉండే పెరికార్డియం పొర ముక్కతోనో ఆవు పెరికార్డియం ముక్కతోనో కప్పి, కవాటం కూర్చునే గట్టు మళ్లీ కడతారు. అయోర్టిక్, మైట్రల్ కవాటాల మధ్య గోడ కూడా కరిగిపోతే రెండు కవాటాలూ ఆ గోడా కలిపి కట్టాలి, గుండె సర్జరీలో చాలా కష్టమైన పనుల్లో ఇదొకటి. తీసిన రేకుల్ని కల్చర్‌కు, సూక్ష్మదర్శిని పరీక్షకు పంపాలి. ముందుగా సూదులు పడి నెత్తుట్లో దొరకని క్రిమి చాలాసార్లు ఆ రేకులోనే దొరుకుతుంది. వీలున్నచోట పీసీఆర్ పరీక్ష కూడా చేయిస్తే మంచిది.

కొత్త వాల్వు మాట ఎత్తకముందు అడగాల్సింది ఒకటుంది, ఉన్నదాన్ని బాగుచేయలేమా అని. మైట్రల్ కవాటంలో ఒక రేకుకు చిల్లు పడితే గుత్తిని కోసేసి, చిల్లుకు పొర ముక్కతో మాసిక వేసి, చుట్టూ రింగు కుట్టవచ్చు. పారిస్‌లో 1980ల నుంచే ఈ పద్ధతి నడిచింది. వీలైన చోట మరమ్మతే మేలని ఇవాళ దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పరాయి వస్తువు తక్కువ, జీవితాంతం మందు అక్కర్లేదు. కాకపోతే రుమాటిక్ జబ్బుతో ముందే ముడుచుకుపోయిన రేకుకు మాసిక నిలవదు. మన రోగులకు మరమ్మతు అవకాశం పడమటి దేశాల కంటే తక్కువ కావడానికి ఇదే కారణం. కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం తీరు వేరు. డయాలిసిస్ గొట్టాలో పేస్‌మేకర్ తీగలో ఉన్నవాళ్లకు అక్కడ ఇన్‌ఫెక్షన్ వస్తుంది. దాన్ని సాధ్యమైనంతవరకు మందులతో, గుత్తిని తీసేసి, మరమ్మతుతో గడిపేస్తారు.

మరమ్మతు కాదంటే వాల్వు మార్చాల్సిందే. జనం నోట మెటల్ వాల్వు, టిష్యూ వాల్వు అన్నవి రెండే పేర్లు. మెటల్ వాల్వు కథ 1960లో పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్ పెట్టిన బంతి వాల్వుతో మొదలై, 1977లో వచ్చిన రెండు రేకుల కార్బన్ వాల్వు దాకా నడిచింది. మధ్యలో మనదీ ఒక అధ్యాయం ఉంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ బృందం పదేళ్లకు పైగా పనిచేసి ఒక వాల్వు తయారు చేసింది. మొదటి మూడు నమూనాలు పోయాయి, నాలుగోది నిలిచింది. కీళ్ల ఆపరేషన్లలో వాడే గట్టి పాలిథిలీన్‌తో చేసిన బిళ్ల ఒక పక్కకు వాలుతూ తెరుచుకుంటుంది. 1990 డిసెంబర్ 6న మొదటి రోగికి పెట్టారు. టీటీకే-చిత్ర పేరుతో అప్పటి నుంచి లక్షకు పైగా పెట్టారు. విదేశీ వాల్వు ధరలో చిన్న వంతుకే దొరికింది కాబట్టి, వాల్వు కొనలేక చనిపోయే మనుషులు ఎందరో బతికారు. ఆ పనికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదన్నది నా అభిప్రాయం.

టిష్యూ వాల్వు అంటే పంది కవాటంతోనో ఆవు పెరికార్డియంతోనో చేసినది. ఇక్కడ ఒక సున్నితమైన సంగతి ఉంది. మొయినాబాద్ వైపు హిందువులూ ముస్లింలూ కలిసి ఉంటారు. ఒకరికి ఆవు మాట ఇబ్బంది, ఇంకొకరికి పంది మాట. ప్రాణావసరంలో అనుమతి ఉందని చాలామంది ఇస్లామిక్ పండితులు చెబుతారు. హిందూ కుటుంబాలు కూడా విడమరిచి చెబితే ఎక్కువగా ఒప్పుకుంటాయి. చెప్పకుండా పెట్టడం మాత్రం తప్పు. అత్యవసరమైనా సరే, ఐదు నిమిషాలు ఆగి అడగాలి.

మూడో దారి హోమోగ్రాఫ్ట్, అంటే చనిపోయిన మనిషి దానం చేసిన కవాటం. 1962లో లండన్‌లో డొనాల్డ్ రాస్, ఆక్లండ్‌లో బ్రయాన్ బారట్-బాయిస్ దీన్ని మొదలుపెట్టారు. అయోర్టా మొదలంతా చీముగడ్డతో కరిగిపోయినప్పుడు మెత్తగా, చుట్టూ కణజాలంతో సహా దొరికే ఈ కవాటం పనికొచ్చినంతగా ఇంకేదీ రాదని చాలాకాలం నమ్మారు. అది ఇన్‌ఫెక్షన్‌ను ఎక్కువ తట్టుకుంటుందనీ అన్నారు. గట్టును శుభ్రంగా కట్టగల సర్జన్ చేతిలో మామూలు వాల్వులూ అంతే బాగా నడుస్తున్నాయని తర్వాతి అనుభవం. హోమోగ్రాఫ్ట్ కాలక్రమంలో సున్నంలా గట్టిపడుతుంది, రెండోసారి తీయడం కష్టం. అన్నిటికంటే ముందు, కావలసిన రోజున దొరకాలి. మన రాష్ట్రంలో అవయవదాన పథకం జీవన్‌దాన్ కింద బ్రెయిన్‌డెడ్ అయినవారి కుటుంబాలు కిడ్నీలు, కాలేయంతో పాటు గుండె కవాటాలు కూడా దానం చేస్తున్నాయి. ఆ కుటుంబాలకు దండం పెట్టాలి. రోగి సొంత పల్మనరీ కవాటాన్ని అయోర్టా చోటికి మార్చే రాస్ పద్ధతి, సొంత పొరతోనే రేకులు కత్తిరించి కుట్టే జపాన్ సర్జన్ ఒజాకీ పద్ధతి కూడా ఉన్నాయి. మంచి చేయి తిరిగినవాళ్లకే సాధ్యమైన పనులవి.

మరి ఏది పెడితే ఇన్‌ఫెక్షన్ మళ్లీ రాదు? 2001లో స్టాన్‌ఫర్డ్ సర్జన్లు 306 మంది రోగుల అనుభవం చూసి మెటల్, టిష్యూ రకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. 60 ఏళ్లలోపు వాళ్లకు మెటల్, పైవాళ్లకు టిష్యూ అని సూచించారు. తర్వాత వచ్చిన పరిశోధనల్లోనూ ఏ ఒక్కటీ స్పష్టంగా పైచేయి కాలేదు. క్రిమి పట్టే తీరు మాత్రం వేరు. మెటల్ వాల్వులో అది బట్టతో చేసిన కుట్టు రింగు దగ్గర మొదలై చుట్టూ చీముగడ్డగా మారుతుంది. టిష్యూ వాల్వులో రేకుల మీద కూడా పడుతుంది. ఏది పెట్టినా ప్రాణాన్ని నిలిపేది ఎంత శుభ్రంగా కోశారన్నదే. అంటే వాల్వు ఎంపికను మామూలు లెక్కల మీదే, వయసు, మందు, రెండో ఆపరేషన్ అన్న లెక్కల మీదే తేల్చుకోవచ్చు. ఆ లెక్కలు చేవెళ్లలో ఎలా ఉంటాయో చూద్దాం.

మెటల్ వాల్వు మనిషి ఉన్నంతకాలం ఉంటుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రామో వార్ఫరినో మింగాలి. ఎంత మింగాలన్నది ఐఎన్‌ఆర్ పరీక్ష చెబుతుంది. అయోర్టిక్ చోట పెడితే ఆ అంకె 2.5 దగ్గర, మైట్రల్ చోట 3 దగ్గర ఉండాలి. తగ్గితే వాల్వు పూడుకుంటుంది, పెరిగితే మెదడులోనో కడుపులోనో నెత్తురు కారుతుంది. పరీక్ష అక్కర్లేని కొత్త మందులు వీళ్లకు పనికిరావు. డాబిగాట్రాన్‌తో, తర్వాత అపిక్సాబాన్‌తో చేసిన ప్రయోగాలను 2012, 2022లలో మధ్యలోనే ఆపేశారు. చేవెళ్ల నుంచి నగరానికి సుమారు 40 కిలోమీటర్లు. నెలకోసారి ఆ ఐఎన్‌ఆర్ కోసం ఒక రోజు కూలి, బస్సు చార్జీ, తోడు వచ్చేవాళ్ల కూలి. మొదటి ఏడాది పోతారు. ఒళ్లు బాగుందనిపించాక రెండో ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏదైనా అయితేనే.

చేవెళ్ల, మొయినాబాద్ పొలాలు హైదరాబాద్‌కు ఆకుకూరల మడి. పాలకూర, తోటకూర, మెంతికూర, గోంగూర తెల్లారేసరికి మెహిదీపట్నం రైతుబజారుకు చేరతాయి, పండించిన ఇంట్లోనూ రోజూ వండుతారు. వాటిలో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. చాలామందికి డాక్టరు ఆకుకూరలు మానేయమని చెప్పి పంపిస్తారు. నాకు ఇది తప్పనిపిస్తుంది. కూరాకు పండించి కూరాకు తినే ఇంట్లో ఆ మాట నెల రోజులు కూడా నిలవదు. మాని, మళ్లీ తినీ ఊగిసలాడితేనే ఐఎన్‌ఆర్ ఊగుతుంది. రోజూ దాదాపు ఒకే మోతాదు తినండి, దానికి తగినట్టు మేము మాత్ర సరిచేస్తాం అని చెప్పాలి. తినేవాళ్లూ దాన్ని పాటించగలరు.

కూర కంటే ప్రమాదం మందుల దుకాణంలో ఉంది. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, మూత్రపు మంటకు ఇచ్చే కోట్రిమోక్సజోల్ ఐఎన్‌ఆర్‌ను ఎగదోస్తాయి. టీబీ మందు రిఫాంపిసిన్ దాన్ని కిందికి లాగుతుంది. నడుంనొప్పికి వేసే డైక్లోఫెనాక్ కడుపులో నెత్తురు కారేలా చేస్తుంది. కండలో సూది వేస్తే తొడ నల్లగా ఉబ్బుతుంది. ఆర్‌ఎంపీకి ఇవి తెలియకపోవడం అతని తప్పొక్కటే కాదు, ఆపరేషన్ చేసి పంపిన ఆసుపత్రి అతన్ని లెక్కలోకే తీసుకోలేదు. కల్లు సంగతీ ఇంతే. అప్పుడప్పుడూ అతిగా తాగితే మందు లెక్క తప్పుతుంది, ఈ వైపు ఊళ్లలో దాన్ని దాచకుండా అడగాలి. గులాబీ తోటలో పనిచేసేవాళ్ల చేతులకు ముళ్లు రోజూ గుచ్చుకుంటాయి. ఐఎన్‌ఆర్ ఎక్కువైతే ఆ చిన్న గాట్లే ముందుగా చెబుతాయి, ఆగకుండా నెత్తురు కారుతుంది. ఆ గుర్తు ఎంత పనికొస్తుందో ఎవరైనా ఒకసారి చెబితే చాలు.

వేలి కొసన ఒక చుక్కతో ఐఎన్‌ఆర్ చూపే చిన్న యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. అలాంటిది మండలానికి ఒకటి, ప్రభుత్వ దవాఖానలో, సోమవారం పొద్దున అందుబాటులో ఉంటే చాలు, ఈ వ్యాసంలో మెటల్ వాల్వుకు వ్యతిరేకంగా రాసినదాంట్లో సగం కొట్టేయొచ్చు.

టిష్యూ వాల్వుకు ఈ బాధ లేదు, మూడు నుంచి ఆరు నెలలు మందు వాడి ఆపేయొచ్చు. కానీ అది అరుగుతుంది. 65 ఏళ్ల మనిషిలో పది పదిహేనేళ్లు నడుస్తుంది. 25 ఏళ్ల మనిషిలో అంతకంటే చాలా త్వరగా గట్టిపడుతుంది, మళ్లీ ఛాతీ తెరవాలి. ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనల్లుడో ఫోన్‌లో, మెటల్ పాతకాలపుది, టిష్యూనే పెట్టించండి అంటారు. చిలుకూరు బాలాజీకి మొక్కుకుని వీసా మీద వెళ్లిన పిల్లలు ఇంటిమీద బెంగతో చెప్పే మాట అది. వాళ్లున్న చోట నిజమే. అక్కడి రోగికి 60 దాటుతుంది, రెండోసారి కాలి నాళం నుంచి పాత వాల్వులోకి కొత్తది దూర్చే ఖర్చు బీమా భరిస్తుంది. 2017లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన పెద్ద అధ్యయనంలో మాత్రం, అయోర్టిక్ చోట 55 ఏళ్లలోపు, మైట్రల్ చోట 70 లోపు వాళ్లకు మెటల్ వాల్వుతోనే ఆయుష్షు ఎక్కువని తేలింది. అది ఎండోకార్డైటిస్ రోగుల మీదే చేసింది కాదు. అయినా వయసులో ఉన్న మనిషికి టిష్యూ పెట్టే ముందు ఆ అంకెల్ని చూసి ఆగాలి.

డబ్బు సంగతి చెప్పకుండా దాటలేను. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను మొదలుపెట్టింది చేవెళ్ల నుంచే. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది. వాల్వు ఆపరేషన్ పేదింటికి ఎక్కువగా అందే మాట అయింది అప్పటి నుంచే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆరోగ్యశ్రీకి చాలా ముందే, 1991 నవంబర్‌లో తెరిచిన పుట్టపర్తి ఆసుపత్రి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తూ తెలుగు ప్రాంతాల నలుమూలల నుంచి వచ్చినవాళ్లను ఆదుకుంది. ఆపరేషన్ ఖర్చుకు ఇలా దారులు ఏర్పడ్డాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఐఎన్‌ఆర్ కోసం పోగొట్టుకునే కూలికి మాత్రం ఏ పథకంలోనూ పేరు లేదు.

కొత్త వాల్వుకు మళ్లీ ఇన్‌ఫెక్షన్ పట్టే భయం జీవితాంతం ఉంటుంది. పన్ను పీకించుకునేముందు గంట లోపల 2 గ్రాముల అమాక్సిసిలిన్ మింగాలి. పళ్లు రోజూ తోముకోవడం, గుట్కా మానడం అంతకంటే ముఖ్యం. ఆసుపత్రి ఇచ్చే కాగితంలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం ఉండాలని కోరుకుంటాను: ఈ మనిషికి వాల్వు మార్చారు, జ్వరం వస్తే సూది వేయకముందు కల్చర్‌కు నెత్తురు తీయండి. అది ఆర్‌ఎంపీ కోసం. మందుల కాలం గురించి ఒక మంచి వార్తా ఉంది. డెన్మార్క్ డాక్టర్లు 400 మంది మీద చేసి 2019లో ప్రచురించిన పోయెట్ ప్రయోగంలో, నిలకడపడ్డ రోగులకు మిగతా వారాల మందు నోటి మాత్రలుగా ఇచ్చినా ఫలితం తగ్గలేదని తేలింది. ఆరు వారాలు నగరంలో మంచం పట్టలేని కుటుంబానికి ఇది ఎంత తేడానో ఊహించుకోవచ్చు. అయితే ఏ క్రిమి అన్నది తెలిసినవాళ్ల మీదే ఆ ప్రయోగం జరిగింది. కల్చర్ నెగటివ్ అయిన మన రోగికి ఆ సుఖం కూడా అందదు.

అన్నిటికంటే కష్టమైన రోగిని చివరికి ఉంచాను. 24 ఏళ్ల అమ్మాయి, పెళ్లై రెండేళ్లు, పిల్లలు లేరు, మైట్రల్ కవాటం మరమ్మతుకు రానంతగా పోయింది. మెటల్ పెడితే వార్ఫరిన్ తప్పదు. అది గర్భంలో ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా బిడ్డ ముక్కు, ఎముకల తయారీని దెబ్బతీయగలదు. రోజుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఆ ప్రమాదం పెరుగుతుంది. మందు మార్చి హెపారిన్ సూదులకు పోతే బిడ్డకు మేలు, కానీ తల్లి వాల్వు పూడుకునే ప్రమాదం పెరుగుతుంది, అందులోనూ మైట్రల్ చోట మరీ ఎక్కువ. టిష్యూ పెడితే మందు లేకుండా బిడ్డను కనొచ్చు. ఆ బిడ్డ బడికి పోయే వయసుకే తల్లికి రెండో ఆపరేషన్ రావచ్చు. మార్గదర్శకాలు పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు టిష్యూ వైపే మొగ్గుతాయి. నేను కూడా అటే మొగ్గుతాను, రెండో ఆపరేషన్ సంగతి అప్పుడే, మొదటిరోజే, తేటగా చెప్పిన తర్వాత. బిడ్డ కావాలా, ఎప్పుడు కావాలి, మళ్లీ ఛాతీ తెరిపించుకోగలదా, నెలనెలా ఐఎన్‌ఆర్‌కు తనంతట తానే బస్సెక్కి రాగలదా అన్నవి ఆమెకొక్కదానికే తెలిసిన జవాబులు. సంతకం పెట్టే కాగితం మాత్రం చాలాసార్లు ముందుగా వార్డు బయట నిలబడిన మామ చేతికి పోతుంది. లోపల ఆమె మెలకువగానే ఉంటుంది.